రేడియో మాటకు బలం ఎక్కడిది?

"సముద్రంలో వాయుగుండం ఉంది. వేటకు వెళ్లిన మత్స్యకారులు వెంటనే ఒడ్డుకు రావాలి."

రేడియోలో ఇలాంటి మాట వినిపిస్తే తీరంలో ఏ ఇంట్లోనూ అన్నం సహించదు. మగవాళ్లు పడవల మీద ఉంటారు. ఆడవాళ్లు ఒడ్డున ఎదురు చూస్తుంటారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. వేలమంది చనిపోయారు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఈ మాటను తేలిగ్గా తీసుకోరు.

ఇప్పుడు సెల్‌ఫోను ఉంది కదా అంటారా? ఒడ్డు నుంచి దూరం పోయేకొద్దీ సెల్‌ఫోను పలకదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని కొట్టినప్పుడు ఊళ్లోనే చాలా ఫోన్లు మూగబోయాయి. బ్యాటరీలు వేసిన చిన్న రేడియోకు కరెంటుతో పని లేదు, టవరుతో పని లేదు. పైగా మీడియం వేవ్ అనే రేడియో తరంగం ఉప్పునీటి మీద బాగా సాగుతుంది. నేల మీద కన్నా సముద్రం మీదే ఎక్కువ దూరం పోతుంది.

సరే, స్టూడియోలో వార్త చదివే ఆవిడ గట్టిగా అరవదు. మీ పక్కన కూచుని మాట్లాడినట్టు మామూలుగా చదువుతుంది. మరి ఆ మాట అంత దూరంలో ఉన్న పడవ దాకా ఎలా పోతుంది? దానికి అంత బలం ఎవరు ఇచ్చారు?

చాలా ఏళ్లపాటు ఆ బలం ఇచ్చింది వాల్వు.

వాల్వు అంటే మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వెనకటి రోజుల్లో పంచాయతీ ఆఫీసులో పెద్ద పెట్టెలాంటి రేడియో ఉండేది. మీట తిప్పగానే అది పలికేది కాదు. లోపల చిన్న చిన్న గాజు బుడ్లు ఎర్రగా వెలిగేవి. అవి వేడెక్కాకే పాట వచ్చేది. ఆ గాజు బుడ్లే వాల్వులు. మన చేతిలోకి ట్రాన్సిస్టర్ రేడియో వచ్చాక అవి ఇళ్లలోంచి పోయాయి. కానీ రేడియో స్టేషన్లలో పోలేదు. అక్కడ వాటి అన్నలు ఉండిపోయారు. బిందె అంత పెద్దవి!

మనం మాట్లాడితే గాలి కదులుతుంది. మైకు ఆ కదలికను కరెంటుగా మారుస్తుంది. ఆ కరెంటు ఎంత? టార్చిలైటు బల్బు వెలిగించడానికి కూడా చాలదు. కానీ ఆకాశవాణి పెద్ద ట్రాన్స్‌మిటరు లక్ష వాట్ల బలంతో ప్రసారం చేస్తుంది. లక్ష వాట్లంటే అరవై వాట్ల బల్బులు 1,600కు పైగా ఒక్కసారి వెలిగించినంత.

చీమంత కరెంటు ఏనుగంత ఎలా అయింది? అసలు కిటుకు ఇక్కడే ఉంది. అది పెరగలేదు.

కాలవ తూము దగ్గరికి ఎప్పుడైనా వెళ్లారా? తూముకు తలుపు ఉంటుంది. ఆ తలుపును ఒక్క మనిషి తిప్పుతాడు. కాస్త ఎత్తితే నీళ్లు ఉరుకుతాయి. కాస్త దించితే తగ్గుతాయి. ఎకరాలకు ఎకరాలు తడుస్తాయి. ఆ నీళ్ల బలం మనిషిది కాదు. కాలవది. మనిషి ఎంత వదలాలో చెప్తాడు, అంతే.

వాల్వులో జరిగేదీ ఇదే. కరెంటు సబ్‌స్టేషన్ నుంచి వస్తుంది. మాట ఆ కరెంటును నడిపిస్తుంది. మాట పైకి లేస్తే పెద్ద కరెంటు పైకి లేస్తుంది. మాట తగ్గితే అదీ తగ్గుతుంది. వాల్వు అనే ఇంగ్లీషు మాటకు అర్థం కూడా అదే. నీళ్ల పైపుకు ఉండే వాల్వు మనకు తెలిసిందే కదా.

ఇప్పుడు దాని లోపలికి చూద్దాం. మధ్యలో ఒక తీగ ఉంటుంది. అది బల్బులో తీగలాగా కాగుతుంది. బాగా కాగిన లోహం నుంచి ఎలక్ట్రాన్లు అనే రేణువులు బయటికి వస్తాయి. అవి కంటికి కనిపించవు. ఉడుకుతున్న నీళ్ల మీద ఆవిరి లేచినట్టు అనుకోండి. చుట్టూ బయట రాగి గోడ ఉంటుంది. దాని పేరు ఆనోడు. దానికి పదివేల వోల్టుల దాకా కరెంటు పెడతారు. మన ఇంట్లో వచ్చేది 230 వోల్టులే. ఆ గోడ ఎలక్ట్రాన్లను గట్టిగా లాగుతుంది. తీగకూ గోడకూ మధ్య సన్నని తీగల వల ఉంటుంది. దాన్ని గ్రిడ్ అంటారు. ఆ వలే మన తూము తలుపు.

లోపల గాలి లేకుండా తీసేస్తారు. గాలి ఉంటే కాగే తీగ మాడిపోతుంది. ఎలక్ట్రాన్లు కూడా దారిలో గాలికి తగిలి చెదిరిపోతాయి.

1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ అనే ఆయన మొదటి వాల్వు చేశాడు. అందులో వల లేదు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ మధ్యలో మూడో తీగ పెట్టాడు. వలకు మొదలు అదే. ఇంకో మాట. తర్వాత వాల్వుల ఫ్యాక్టరీలు వచ్చాయి. ఆ సన్నని తీగలను చుట్టి, అతికించిన చేతుల్లో చాలా వరకు ఆడవాళ్లవే. వాల్వు కథ చెప్పేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

రేడియో ముల్లు 837 మీద పెట్టామంటే ఆ స్టేషన్ కరెంటు సెకనుకు 8 లక్షల 37 వేల సార్లు ఊగుతోందని అర్థం. చెక్క తలుపు అయితే అంత వేగంగా ఆడగలదా? ఎలక్ట్రాన్లకు బరువు లేనట్టే. అందుకే వల ఎలా ఆడిస్తే అలా ఆడతాయి.

ఒక్క వాల్వుతో పని అయిపోదు. ఇల్లు కట్టే చోట తట్టలు ఒకరికొకరు అందిస్తారు చూడండి, అలాగే చిన్న వాల్వు మధ్య వాల్వుకు, అది పెద్ద వాల్వుకు అందిస్తుంది. ఆఖరున ఉన్న పెద్ద వాల్వు దగ్గరే అసలు బలం వస్తుంది. ఆ భాగం పేరు పవర్ యాంప్లిఫయర్.

దానితో పెద్ద చిక్కు వేడి. 140 పాళ్ల కరెంటు లోపలికి ఇస్తే 100 పాళ్లు రేడియో తరంగంగా వెళ్తుందనుకోండి. మిగతా 40 పాళ్లు వేడి అవుతుంది. లక్ష వాట్ల యంత్రానికి ఆ వేడి ఎంతో తెలుసా? నీళ్లు కాచే వెయ్యి వాట్ల హీటర్లు నలభై ఒక్క గదిలో పెట్టినంత! ఊరుకుంటే రాగి కరిగిపోతుంది. అందుకని కొన్ని వాల్వులకు పెద్ద ఫ్యానుతో గాలి కొడతారు. కొన్నిటి చుట్టూ నీళ్లు పోయిస్తారు. ఇంకొన్నిటిని నీళ్లలోనే ఉంచి ఆ నీళ్లను మరగనిస్తారు. లీటరు నీళ్లు మరిగే దాకా కాగడానికి పట్టే వేడి కన్నా ఆవిరి కావడానికి ఆరేడు రెట్లు ఎక్కువ వేడి పడుతుంది. కట్టెలు కొనుక్కునే మనకు ఇది తెలియనిదా! ఆవిరిని చల్లార్చి ఆ నీళ్లే మళ్లీ వాడతారు. బావినీళ్లు పనికిరావు. ఉప్పు ఉన్న నీళ్లలోంచి కరెంటు పారుతుంది.

ఈ పెట్టె తలుపు తెరిస్తే కరెంటు దానంతట అదే ఆగిపోయేలా కడతారు. ఆగినా సరే నమ్మరు. లోపల నిలవ ఉన్న కరెంటు మనిషిని చంపేంత ఉంటుంది. కొనకు ఎర్త్ తీగ కట్టిన కర్రతో దాన్ని నేలకు దించి, ఆ తర్వాతే చెయ్యి పెడతారు.

మనం జాగ్రత్త పడాల్సింది బయట ఉన్న స్తంభంతో. ఊరి బయట పొలాల్లో ఎర్రగా, తెల్లగా రంగు వేసిన ఇనుప స్తంభం చూసే ఉంటారు. మీడియం వేవ్ స్టేషన్‌లో చాలా చోట్ల ఆ స్తంభమే తరంగాన్ని పంపుతుంది. స్తంభం మొత్తంలో కరెంటు ఉంటుంది. అందుకే దాన్ని పింగాణీ దిమ్మ మీద నిలబెట్టి చుట్టూ కంచె వేస్తారు. లోపల గడ్డి ఎంత పచ్చగా ఉన్నా కంచె దాటకండి. మేక దూరినా మీరు వెళ్లొద్దు. కాపలా మనిషిని పిలవండి.

ట్రాన్సిస్టర్ 1947లోనే పుట్టింది. అయినా ఈ పెద్ద పనిలోకి రావడానికి చాలా కాలం పట్టింది. ఒక్క చిన్న ట్రాన్సిస్టర్ అంత వేడిని, అన్ని వోల్టులను తట్టుకోలేదు. ఇప్పుడు కొత్త ట్రాన్స్‌మిటర్లలో ట్రాన్సిస్టర్లను గుంపులు గుంపులుగా కలిపి పని చేయిస్తున్నారు. ఒక గుంపు చెడితే మిగతావి లాగుతాయి. మాట కాస్త తగ్గుతుంది కానీ ఆగదు. పెద్ద వాల్వు చెడితే మాత్రం కొత్తది బిగించే దాకా ఆ యంత్రం మూగే. తుఫాను రాత్రి ఆ కాసేపూ చాలా ఎక్కువ. నా మట్టుకు నాకు వాల్వు అంటే ఇష్టమే గానీ, ఈ మార్పు మంచిదే.

వాల్వు ఉన్న చోట పనివాళ్లు తెల్లవారకముందే వస్తారు. ముందు నీళ్లు, గాలి తిప్పుతారు. తర్వాత తీగను కాగనిస్తారు. అది బాగా కాగాకే పెద్ద కరెంటు ఇస్తారు. రాత్రి ప్రసారం అయిపోయాక ఇదంతా వెనక నుంచి ముందుకు. పెద్ద కరెంటు తీసేస్తారు. తీగను చల్లబడనిస్తారు. ఫ్యాన్లను మాత్రం వెంటనే ఆపరు. వేడి పోయే దాకా అవి చీకట్లో కాసేపు తిరుగుతూనే ఉంటాయి.