రోగి మాట కూడా పరిశోధనే

కొన్నేళ్ల క్రితం మన మెడికల్ వార్డులో ఒక టీచరుగారు ఉండేవారు. ఆయనది మోటార్ న్యూరాన్ వ్యాధి. మాట పడిపోయింది. పలక మీద రాసి చూపించేవారు. నీళ్లతో మాత్ర ఇచ్చినప్పుడల్లా పొలమారేది, సగం బయటికి వచ్చేసేది. వారం తర్వాత ఆయనే పలక మీద రాశారు: "సిస్టర్, నీళ్లతో కాదు. చిక్కటి గంజిలో నూరి ఇవ్వండి." డాక్టరుగారిని అడిగి అలాగే ఇచ్చాం. పొలమారడం తగ్గింది. ఆ వారం రోజులూ మేము ఆయన్ని అడగనే లేదు. ఆ తప్పు మాదే.

ఏమిటీ వ్యాధి?

కండరాలను కదిలించే నరాల కణాలు క్రమంగా నశిస్తాయి. చేతులు, కాళ్లు, మాట, మింగడం, చివరికి శ్వాస బలహీనపడతాయి. ఇది అంటువ్యాధి కాదు. పూర్తిగా నయంచేసే మందు ఇంకా లేదు. రిలుజోల్ అనే మందు ఆయుష్షును కొన్ని నెలలు పొడిగిస్తుంది. 1970లో మద్రాసు వైద్యులు చిన్న వయసులో వచ్చి, వినికిడిని కూడా దెబ్బతీసే ఒక రకాన్ని వివరించారు. దాన్ని నేటికీ మద్రాసు రకం అనే పిలుస్తారు. కాబట్టి ఇది మనకు దూరపు జబ్బు కాదు.

రోగులను అడిగితే ఏమైంది?

స్కాట్లాండులో యూవాన్ మెక్‌డొనాల్డ్ అనే యువకుడికి 2003లో ఈ వ్యాధి ఉందని తేలింది. ఆయన, ఆయన తండ్రి ఇచ్చిన విరాళంతో 2007లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పరిశోధన కేంద్రం వెలిసింది. 2020లో అక్కడి నుండి ఎం.ఎన్.డి. స్మార్ట్ అనే మందుల పరీక్ష మొదలైంది. దాని పద్ధతిని రోగుల సలహాతో తయారు చేశారు. మింగలేనివారు కూడా చేరేలా మందును ద్రవరూపంలో ఇచ్చారు. రెండు మందులను ఒకేసారి పరీక్షించి, ఉత్తుత్తి మందు వచ్చేవారి వంతు తగ్గించారు. 2023లో ఆ రెండు మందులు, మెమంటైన్, ట్రాజోడోన్, ఉపయోగపడవని తేలింది. వాటిని ఆపి, మరో మందును చేర్చారు. పనికిరాదని తెలియడం కూడా మేలే. తర్వాతి రోగి దాని మీద కాలం పోగొట్టుకోడు.

మిమ్మల్ని పరిశోధనలో చేరమంటే?

మన దేశంలో 2009 నుండి మందుల పరీక్షలను సి.టి.ఆర్.ఐ. అనే ప్రభుత్వ జాబితాలో నమోదు చేయాలి. సంతకం పెట్టే ముందు ఇవి అడగండి:

• జాబితాలో నమోదు సంఖ్య ఎంత? ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా?
• అంగీకార పత్రం తెలుగులో ఉందా? చదవలేనివారికి సాక్షి ఎదుట చదివి వినిపిస్తారా?
• పరీక్షించే మందుకు మేము డబ్బు కట్టాలా? కట్టమంటే అనుమానించండి.
• పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం ఎవరు చేయిస్తారు?

ఇష్టం లేకపోతే చేరనక్కరలేదు. మధ్యలో మానుకోవచ్చు. అందువల్ల మీకు అందే మామూలు వైద్యం ఆగకూడదు.

ఇంట్లో ఏం చేయవచ్చు?

ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏది మింగగలుగుతున్నారు, ఏ వేళ ఊపిరి బరువవుతోంది, ఏ పని చేయలేకపోతున్నారు, తేదీ వేసి రాయండి. డాక్టరుగారికి చూపించండి. మాట పోయినా మనసు చెప్పాలనే చూస్తుంది. మంచం పక్కన పలక, బలపం ఉంచండి. రాసేవరకు ఆగకుండా మీరే ముందుగా అడగండి.