విత్తనం మీద ఎవరి మాట ఎంతవరకు చెల్లుతుంది?

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో, అంటే గద్వాల ప్రాంతంలో, చాలామంది రైతులు విత్తనం కోసమే పత్తి వేస్తారు. సాయంత్రం ఆడ మొక్క మొగ్గల్లోని కేసరాలను చేత్తో తీసేస్తారు. మర్నాడు పొద్దున మగ మొక్క పుప్పొడి అద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. గింజ కంపెనీకి చేరాక జీఓటీ (గింజలను నేలలో పెంచి, వేరే రకం మొక్కలు ఎన్ని కలిశాయో లెక్కించే పరీక్ష) జరుగుతుంది. ఫలితం చాలాసార్లు ఆర్గనైజర్ (కంపెనీకీ రైతుకూ నడుమ ఉండే మధ్యవర్తి) నోటి మాటగానే వస్తుంది. 'నీ లాట్ ఫెయిలైంది' అంటాడు. రైతుకు రావాల్సిన డబ్బు ఆ మాటతో ఆగిపోతుంది.

ఆ మాట చెప్పే అర్హత ఆయనకు ఎంతవరకు ఉంది? కంపెనీ తనకు అలా చెప్పిందని ఆయన చెప్పవచ్చు. గింజలో కల్తీ ఉందని తన సొంత మాటగా చెప్పాలంటే ఆ పరీక్ష ఆయన చేసి ఉండాలి.

కోర్టులు పాటించే పద్ధతి కూడా ఇదే. సాక్షి తాను చూసింది, విన్నది చెప్పాలి. అభిప్రాయం చెప్పే అవకాశం నిపుణుడికి ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఇది 45వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 39వ సెక్షన్. అయితే పదవి ఒక్కటే నిపుణుణ్ణి చేయదు. హిమాచల్ ఆపిల్ తోటల కేసులో సుప్రీంకోర్టు 1999లో ఈ సంగతి తేల్చింది. నిపుణుడు తన నిర్ణయానికి ఆధారాలను జడ్జి ముందు పెట్టాలని, వాటిని బట్టి జడ్జి సొంతంగా ఆలోచించగలగాలని చెప్పింది.

ఇప్పుడు విత్తనం కొని నష్టపోయిన రైతు సంగతి చూద్దాం. 'మొలవలేదు' అని చెప్పడానికి ఆయనే సరైన సాక్షి. ఎందుకు మొలవలేదన్నది వేరే ప్రశ్న. గింజ చెడిపోయి ఉండవచ్చు, తేమ చాలకపోయి ఉండవచ్చు, లోతు ఎక్కువై ఉండవచ్చు. ల్యాబులో విశ్లేషకుడు 400 గింజలు మొలకకు పెట్టి, పత్తికైతే 12వ రోజున చివరి లెక్క తీస్తాడు. ఆయన మాట ఆ నమూనా వరకు చెల్లుతుంది. పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన శాస్త్రవేత్త పొలం చూసి, అదే నేలలో పక్క రైతు వేసిన వేరే విత్తనంతో పోల్చి కారణం చెప్పగలడు. ముగ్గురి మాటా అవసరమే. ఒకరి మాట మరొకరు చెప్తే మాత్రం బలం ఉండదు.

మరి నమూనాయే మిగలకపోతే? నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ వినియోగదారుల ఫోరాల్లో రైతులు గెలిచిన కేసులవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. ల్యాబు పరీక్ష జరగలేదు కాబట్టి ఫిర్యాదు చెల్లదని సంస్థ వాదించింది. కొన్న విత్తనమంతా రైతు చల్లేస్తాడు కాబట్టి పరీక్ష కోసం దాచి ఉంచుతాడని అనుకోలేమని కోర్టు చెప్పింది. పొలాలు చూసిన వ్యవసాయ నిపుణుల నివేదికలను ఒప్పుకుంది. విత్తనం పండించి తిరిగి అదే సంస్థకు అమ్మే ఒప్పందం ఉన్నా రైతు వినియోగదారుడేనని కూడా తేల్చింది.

కాబట్టి విత్తన రైతులు లాట్ ఫెయిలైందన్న మాట వినగానే నివేదిక కాగితం మీద అడగాలి. పరీక్ష ఎవరు చేశారు, ఎన్ని మొక్కలు పెంచారు, వాటిలో వేరే రకం ఎన్ని అని అడగాలి. విత్తనం కొన్న రైతులు బిల్లు, ఖాళీ ప్యాకెట్, గుప్పెడు గింజలు దాచుకోవాలి. పంట చేనులో ఉండగానే వ్యవసాయ అధికారిని పిలిచి చూపించాలి. తీర్పు చెప్పే ప్రతి ఒక్కరినీ ఆధారం అడగడం రైతు హక్కు.