ఫిల్టర్‌లో దొడ్డిదారి

తొలినాటి మోటారు ఇంజిన్లలో చాలావాటికి ఆయిల్ ఫిల్టర్ అన్నదే లేదు. మహా అయితే పంపు మూతికి ఒక ఇనుప జల్లెడ. దుమ్మూ లోహపు రజనూ కలిసిన ఆయిలే బేరింగుల చుట్టూ తిరిగేది. తరచూ దాన్ని పారబోసి కొత్తది పోయడం ఒక్కటే మందు.

1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్, జార్జ్ గ్రీన్‌హాల్గ్ ప్యూరోలేటర్ అనే ఆయిల్ ఫిల్టర్‌ను తెచ్చారు. అయితే ఆ తరం ఫిల్టర్లలోకి వెళ్లేది ఆయిల్‌లో కొద్ది వాటా మాత్రమే. మిగతాదంతా వడకట్టకుండానే బేరింగులకు చేరేది. అందుకు ఒక కారణం భయం. ఫిల్టర్ మూసుకుపోయి ఆయిల్ అందకపోతే ఇంజిన్ నిమిషాల్లో పట్టేస్తుంది. మురికి ఆయిలైతే అరగదీస్తుంది గానీ బండిని ఇంటికైనా చేరుస్తుంది.

తర్వాత మొత్తం ఆయిల్‌నూ వడకట్టే ఫుల్ ఫ్లో ఫిల్టర్లు వచ్చాయి. పాత భయం మాత్రం బైపాస్ వాల్వ్ రూపంలో నిలిచిపోయింది. ఫిల్టర్‌లో ఆయిల్‌ను వడకట్టే ముడతల కాగితానికి ఇటూ అటూ ప్రెషర్ తేడా మితిమీరితే ఆ వాల్వ్ తెరుచుకుని వడకట్టని ఆయిల్‌ను వదిలేస్తుంది. చలికి ఆయిల్ చిక్కబడ్డా అంతే. లారీకి ఫిల్టర్ కొనేవాళ్లు ముందు ఆలోచించాల్సింది ఈ దొడ్డిదారి గురించే. కొన్ని ఇంజిన్లలో వాల్వ్ ఫిల్టర్ లోపలే ఉంటుంది, కొన్నిటిలో ఫిల్టర్ బిగించే హౌసింగ్‌లో. హౌసింగ్‌లో వాల్వ్ లేని ఇంజిన్‌కు, మరలు సరిపోయాయని వాల్వ్ లేని ఫిల్టర్ డబ్బాను బిగిస్తే, మూసుకుపోయిన రోజున ఆయిల్‌కు వేరే దారి ఉండదు.

మరి ఎంత సన్నని రేణువు ఆగుతుందో చెప్పే మైక్రాన్ల సంగతి? 1988లో జనరల్ మోటార్స్ ప్రచురించిన పరీక్షల్లో, 40 మైక్రాన్ల ఫిల్టర్‌తో పోలిస్తే 30 మైక్రాన్లది అరుగుదలను 50 శాతం, 15 మైక్రాన్లది 70 శాతం తగ్గించింది. అయినా డబ్బా మీద ఒట్టి మైక్రాన్ అంకె చూసి మురిసిపోకూడదు. ఆ సైజు రేణువుల్లో ఎన్ని ఆగుతాయో చెప్పే కొలత బీటా. 20 మైక్రాన్ల దగ్గర బీటా 2 అంటే ఆ సైజు, అంతకు మించిన రేణువుల్లో సగమే ఆగుతాయి. బీటా 75 అయితే 98.7 శాతం ఆగుతాయి. రెండిటికీ 20 అనే రాసుకోవచ్చు! పైగా మరీ సన్నని కాగితం తక్కువ విస్తీర్ణంలో పెడితే త్వరగా పూడిపోయి వాల్వ్ తెరిపిస్తుంది. అప్పుడు ఆ సన్నదనానికి పెట్టిన డబ్బు దండగే.

డీజిల్ మసిది వేరే కథ. దాని రేణువుల్లో చాలావరకు ఒక మైక్రాన్ కన్నా చిన్నవే, కాగితం పట్టుకోలేదు. వాటిని గడ్డకట్టకుండా విడివిడిగా ఉంచేది ఆయిల్‌లోని రసాయనాలు. అందుకే కొత్త ఆయిల్ కొద్ది రోజుల్లోనే నల్లబడితే ఫిల్టర్‌ను తిట్టడం అన్యాయం. స్కానియా లారీ ఇంజిన్లలో ఫుల్ ఫ్లో ఫిల్టర్‌కు తోడు సెంట్రిఫ్యూజ్ కూడా ఉంటుంది. పక్కదారిన వచ్చిన కొంత ఆయిల్ తన ఒత్తిడితోనే ఓ గిన్నెను గిర్రున తిప్పుతుంది, మసి గిన్నె గోడకు పేరుకుంటుంది.

పాత ఫిల్టర్‌ను పారేసే ముందు కోసి, కాగితం ముడతలు విప్పి చూడాలి. నల్లటి జిగురు మామూలే. రాగి రంగు తళుకులు కనిపిస్తే మాత్రం బేరింగు పైపొర అరిగిపోయి ఉండొచ్చు. కొత్త ఫిల్టర్ బేరం తర్వాతి సంగతి, ముందు ఇంజిన్ అడుగునుండే సంప్ విప్పించి బేరింగులు చూపించుకోవాలి.