వార్తల్లో పదం: అథెంటిసిటీ

ఎన్నికల విశ్లేషణల్లో తరచూ వినిపించే మాట అథెంటిసిటీ. నాయకుడు లోపల ఎలా ఉన్నాడో బయటా అలాగే ఉన్నాడని ఓటరుకు కుదిరే నమ్మకం అది. అభిమానం వేరు, ఈ నమ్మకం వేరు. 2009లో పశ్చిమ గోదావరిలో చిరంజీవి మీద అభిమానానికి కొదవ లేదు; అయినా పాలకొల్లులో ఓడిపోయారు, తిరుపతిలో గెలిచారు. 2019లో పవన్ కల్యాణ్ భీమవరం, గాజువాక రెండుచోట్లా ఓడారు. అయినా తన పార్టీని వదల్లేదు, మరో పార్టీలో కలపలేదు. 2024లో పిఠాపురం 70,279 ఓట్ల ఆధిక్యం ఇచ్చింది. ఓడిన తర్వాత కూడా నిలబడటమే జనానికి పెద్ద సాక్ష్యమైందని నా అభిప్రాయం.

అది కూటమి లెక్కల గెలుపే కదా అంటారు. ఆ మాటలో బలముంది. తెలుగుదేశం, బీజేపీ ఓట్లు కలిశాయి. జంగారెడ్డిగూడెం ఉన్న చింతలపూడి ఎస్సీ రిజర్వుడ్ స్థానాన్నే చూడండి. 2014లో తెలుగుదేశం, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో మళ్లీ తెలుగుదేశం. గెలిచిన ముగ్గురూ వేర్వేరు మనుషులు. రాష్ట్రంలో గాలి ఎటు వీస్తే ఫలితం అటే. అంటే నమ్మకం పనిచేయలేదని కాదు, ఓటరు దాన్ని పై నాయకుడిని బట్టి తూస్తున్నాడు. అదీ శాశ్వతం కాదు. పాదయాత్రలో 3,648 కిలోమీటర్లు నడిచిన వైఎస్సార్ కాంగ్రెస్ నేత జగన్‌కు 2019లో 151 సీట్లు, ఐదేళ్ల పాలన తర్వాత 11. ఈ తూకంలో నష్టపోయేది స్థానిక అభ్యర్థి నిజాయితీ. కానీ చింతలపూడి ఎత్తిపోతల పథకం ఏళ్ల తరబడి ఎందుకు సాగుతోందో అతణ్నే నిలదీసి అడగాలి.