క్యూగారి కుటుంబం

ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరింటిలోనూ ఒంటరిగా గడప దాటలేనివాడు క్యూ. ఎక్కడికి బయలుదేరినా వెనకాల యూ ఉండవలసిందే. "క్యూ తర్వాత యూ" అని మన పిల్లలు వల్లె వేసేస్తారు. ఎందుకుండాలని అడిగిన కుర్రవాడికి మా రోజుల్లో మొట్టికాయే సమాధానం.

ఇప్పుడీ క్యూగారి పురాణం విప్పడానికి కారణం, ఇంటింటా ప్రవేశించిన అయిదక్షరాల ఆట. దాన్ని వర్డిల్ అంటారు. జోష్ వార్డిల్ అనే ఆయన తన సహచరి పాలక్ షా సరదా కోసం తయారుచేసి, 2021 అక్టోబరులో అందరికీ ఇచ్చాడు. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రికవారు దాన్ని కొనేశారు. ఇంగ్లీషులో సుమారు 12,000 అయిదక్షరాల మాటలుంటే, వాటిలో నలుగురికీ తెలిసినవి 2,500 దాకా ఏరిపెట్టింది పాలక్ షాయేనట. దాచిపెట్టిన మాటను ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. ఆ మాటలో క్యూ ఉందా, ఇంట్లో అందరి మొహాలూ వేలాడిపోతాయి.

అయిదక్షరాలంటే మన లెక్కన కాదు సుమండీ. వాళ్ల క్వీన్‌కి అయిదు కావాలి. మన రాణికి రెండు చాలు.

ఆ క్వీన్ సంగతే చూడండి. వెయ్యేళ్ల కిందట ఇంగ్లీషువాళ్లకు ఆ మాట ఉంది గాని, అందులో క్యూ లేదు. సి, డబ్ల్యు, ఇ, ఎన్ అని నాలుగక్షరాలతో సరిపెట్టుకునేవారు. క్విక్ కూడా అంతే. సి, డబ్ల్యు, ఐ, సి. 1066లో ఫ్రాన్సు నుంచి నార్మన్లు వచ్చి రాజ్యం గెలుచుకున్నారు. వారితోపాటు వచ్చిన లేఖకులకు లాటిను, ఫ్రెంచి రాతలో క్యూ, యూ జంట అలవాటు. క్రమంగా ఆ జంటనే ఇంగ్లీషు మాటలకూ తొడిగేశారు. శబ్దం పాతదే, చొక్కా కొత్తది!

చొక్కా విప్పి చూస్తే లోపల మన చుట్టాలే కనిపిస్తారు. క్వీన్ అంటే మొదట్లో రాణి కాదు, ఆడది అని అర్థం. సంస్కృతంలో స్త్రీని 'జని' అంటారు. రెండూ ఒకే మూలం నుంచి పుట్టిన అప్పచెల్లెళ్లు. క్విక్ అంటే మొదట 'త్వరగా' కాదు, 'ప్రాణంతో ఉన్న' అని. అది మన 'జీవ' శబ్దానికి జ్ఞాతి. పాదరసాన్ని వాళ్లు క్విక్‌సిల్వర్ అన్నారు, అంటే ప్రాణమున్న వెండి. థర్మామీటరు పగిలినప్పుడు నేలమీద ఆ పూసల పరుగు చూసినవారు ఆ పేరు ఎందుకొచ్చిందని అడగరు.

ఇక పిల్లల ప్రాణాలు తోడేసే కవలలు ఇద్దరున్నారు: క్వయట్, క్వైట్. ఒకటి నిశ్శబ్దం, ఒకటి పూర్తిగా. ఉన్నవి అవే అయిదక్షరాలు. చివరి రెండూ తారుమారవుతాయి, అంతే. ఆరోతరగతి చదువుతున్న మా మనవరాలు ఒకదాని బదులు ఇంకొకటి రాసింది. బళ్లో ఎర్రసిరాతో కొట్టేసి, యాభైసార్లు రాయమన్నారు. రాసింది. రాసిన తర్వాత ఏ చోట ఏది రాయాలో ఇంకా అయోమయమైంది. అప్పటినుంచి ఇంగ్లీషు పరీక్షనాడు కడుపునొప్పి మొదలు. అమ్మ తిట్టడం, అమ్మమ్మ వాము నూరడం. ఇదీ వరస.

నేను పిల్లను కూర్చోబెట్టుకుని కథ చెప్పాను. ఇద్దరికీ తల్లి ఒకర్తే. లాటినులో 'విశ్రాంతి పొందిన' అనే మాట. ఆ మాటే ఫ్రెంచిలో పెరిగి 'బాకీ తీరిన, విడుదలైన' అనే అర్థం తెచ్చుకుంది. బాకీ పైసలతో సహా పూర్తిగా తీరింది గనక క్వైట్ అంటే 'పూర్తిగా' అయింది. నేరుగా తల్లి పోలిక పుచ్చుకున్న క్వయట్ ప్రశాంతంగా మిగిలింది. పిల్ల కాస్సేపు ఆలోచించి, "అయితే తాతయ్యా, క్వైట్ అప్పు తీర్చేసినవాడు, క్వయట్ నిద్రపోతున్నవాడు. అంతేనా?" అంది. అంతే. మళ్లీ ఆ రెంటికోసం ఏడవలేదు. కడుపునొప్పి ఇప్పుడు లెక్కల పరీక్షకు మారిందని వినికిడి.

మనం దస్తా కాగితం అంటాం చూశారూ, ఇరవైనాలుగు ఠావులు, దాన్ని ఇంగ్లీషులో క్వైర్ అంటారు. అదీ అయిదక్షరాలదే; 'నాలుగేసి' అన్న లాటిను మాటనుంచి వచ్చింది. వరసలో నిలబడే క్యూ అయితే ఫ్రెంచి తోక! మొదటి అక్షరం ఒక్కటే పలుకుతుంది, మిగతా నాలుగూ రేషను దుకాణం ముందు జనంలాగా వెనక నిలబడి ఉంటాయి.

యూను ఇంట్లో వదిలి వచ్చే క్యూలు కూడా లేకపోలేదు. ఫకీర్, తలాక్, నికాబ్. బురఖాలో యూ ఉన్నా క్యూకు ముందే వచ్చి కూర్చుంటుంది. ఇవన్నీ అరబ్బీ మాటలు. గొంతు లోతునుంచి పలికే 'ఖాఫ్' అనే అక్షరం అరబ్బీలో ఉంది. దాన్ని కె నుంచి వేరుగా చూపించడానికి ఇంగ్లీషువారు క్యూను వాడారు. ఖాజీకి నాలుగక్షరాలే గాని, బహువచనం చేస్తే అయిదూ నిండుతాయి.

ఈ ఫకీరు మూలంగా మా ఇంట్లో పెద్ద రభసే జరిగింది. స్క్రాబుల్ ఆట మీకు తెలిసే ఉంటుంది. 1930ల మాంద్యంలో ఉద్యోగం పోయిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే అమెరికను ఆర్కిటెక్టు, పత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి తయారుచేసిన ఆట. నూరు బిళ్లల్లో క్యూ ఒక్కటే. విలువ పది. ఓడినవారు రాత్రి గిన్నెలు కడగాలని మా ఇంటి పందెం. చివరి ఎత్తులో మా ఆవిడ యూ లేకుండా ఫకీర్ అని పేర్చింది. పదిహేడు పాయింట్లు.

బావగారు ఇంగ్లీషు లెక్చరరుగా రిటైరైన మనిషి. "ఇది మన వీధి మాటమ్మా, ఇంగ్లీషెలా అవుతుంది? పోనీ అయినా కె తో రాయాలి" అన్నారు.

"అన్నయ్యా, బంగ్రీని బ్యాంగిల్ అని, జంగల్‌ని జంగిల్ అని పట్టుకుపోతే ఇంగ్లీషయిందిగదా! ఫకీరొక్కడే పరాయివాడా?"

నిఘంటువు తెరిచాం. రెండు రాతలూ ఉన్నాయి. 1931లో గాంధీగారిని ఎత్తిపొడవడానికి చర్చిల్ వాడిన మాట ఇదే. అరబ్బీలో దానికి పేదవాడని తప్ప మరో నింద లేదు. బావగారు కళ్లజోడు తీసి, మారుమాటాడకుండా పంచె పైకి కట్టుకున్నారు. ఆవేళ గిన్నెలు మెరిశాయి, ఏమాటకామాటే చెప్పుకోవాలి.

మనవరాలిప్పుడు క్యూ ఉన్న అయిదక్షరాల మాటలకు ఒక నోటుబుక్కు పెట్టింది. నిన్న 'ఊమియాక్' ఎక్కించింది. ఇది లాటినూ కాదు, అరబ్బీ కాదు. ఉత్తరధ్రువం దగ్గరి ఇనూయిట్ జనానిది. సీలు, వాల్‌రస్ చర్మాలు బిగించి కట్టిన పెద్ద పడవ. ఒక్కరు పట్టే కయాక్ మగవాడి వేటకు; సంసారమంతా ఎక్కే ఈ పడవకు తెడ్లు వేసేది ఆడవాళ్లట. మా ఆవిడ ఆ వాక్యాన్ని రెండోసారి గట్టిగా చదవమంది.