ఎదుగు బిడ్డ - మారవలసిన ఇల్లు

ఆరు మాసముల బిడ్డను చాపపై పరుండబెట్టి తల్లి వంటయింటిలోనికి పోవును. తిరిగి వచ్చునప్పటికి బిడ్డ చాపమీద నుండదు. బోర్లపడి, దొరలి, మంచము క్రిందికి చేరియుండును. ఇంటివారందరును చూచి నవ్వుకొందురు. అది ముచ్చటయే. కాని ఆ దినమున ఆ ఇంటిలో నొక మార్పు జరిగినది. నిన్నటి వరకు బిడ్డ ఉంచినచోట నుండెను. నేటినుండి తనకు నచ్చినచోటికి పోగలదు. ఇంటిలోని వస్తువులు మాత్రము నిన్నటిచోటనే యున్నవి.

సాధారణముగ 4 మొదలు 6 మాసముల నడుమ బిడ్డ బోర్లపడును. 8, 9 మాసములకు ప్రాకును. ఏడాది నాటికి కొందరు నడువగలరు. మరికొందరు 18 మాసములకు గాని నడువరు. ఈ శక్తులలో నేదియు ముందుగ చెప్పి రాదు. సోమవారమునాడు నిలువలేని బిడ్డ గురువారమునాడు ముక్కాలిపీటను పట్టుకొని నిలుచును. కావున ఇంటి ఏర్పాటు బిడ్డకంటె ఒక యడుగు ముందుండవలెను. కూర్చుండు బిడ్డ యున్న ఇల్లు ప్రాకు బిడ్డకు తగినట్లును, ప్రాకు బిడ్డ యున్న ఇల్లు నడుచు బిడ్డకు తగినట్లును సిద్ధపడి యుండవలెను. పెక్కు ఇండ్లలో ఇది తలక్రిందుగ జరుగుచున్నది. బిడ్డ నాణెమును మ్రింగిన తరువాత నాణెములు పైకెక్కును. చేయి కాలిన తరువాత పాలగిన్నె స్థానము మారును.

ఇందులకొక సులభోపాయము కలదు. ఇంటి పెద్దలలో ఒకరు, తండ్రియైనచో మరియు మంచిది, మోకాళ్లపై ప్రాకుచు గదులన్నియు ఒకసారి తిరిగి చూడవలెను. నిలుచున్నవారి కంటికి కనబడని యిల్లొకటి అప్పుడు కనబడును. బీరువా క్రింద తాతగారి చేతినుండి జారిన మాత్ర, గోడవార పెట్టి మరచిన ఎలుకల మందు, వ్రేలాడుచున్న ఇస్త్రీపెట్టె తీగ, బల్లపై పరచిన గుడ్డ యొక్క కొన. ఆ కొనను లాగినచో పైనున్న కాఫీ గ్లాసు నేరుగ బిడ్డ తలపైకి వచ్చును.

9 మాసములు దాటిన బిడ్డ బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను చిన్న వస్తువులను ఏరగలదు. ఏరినది నోటిలోనికి పోవును. వేరుసెనగ గింజ, వేయించిన సెనగ, చింతపిక్క, సపోటా గింజ, ఇవి శ్వాసమార్గమున అడ్డుపడగలవు. అయిదేండ్లలోపు పిల్లలకు గింజలను నలుగగొట్టి గాని, పొడిచేసి గాని పెట్టవలెనే తప్ప అట్లే ఇవ్వరాదు. గింజకంటెను భయంకరమైనది నేటి బొమ్మలలోను, గడియారములలోను, కొన్ని టీవీ రిమోటులలోను ఉండు గుండ్రని చిన్న బ్యాటరీ బిళ్ల. అది అన్నవాహికలో నిలిచిపోయినచో రెండు గంటలలోనే అచటి కండను కాల్చివేయగలదు. "దానంతట అదే బయటికి వచ్చును" అని అరటిపండు పెట్టి వేచియుండు అలవాటు ఇచట ప్రాణాంతకము. అనుమానము కలిగిన వెంటనే ఎక్స్‌రే సౌకర్యముగల ఆసుపత్రికి పోవలెను.

గొంతులో వస్తువు అడ్డుపడి బిడ్డ దగ్గలేక, ఏడ్వలేక యున్నచో, ఏడాదిలోపు శిశువును ముంజేతిపై బోర్ల పరుండబెట్టి, తల క్రిందికుండునట్లు పట్టుకొని, రెండు రెక్కల నడుమ అరచేతి మడమతో 5 మార్లు చరువవలెను. అప్పటికిని రానిచో వెల్లకిల త్రిప్పి, రొమ్ము నడుమ రెండు వ్రేళ్లతో 5 మార్లు అదుమవలెను. వస్తువు వెలువడువరకు ఈ రెంటిని మార్చి మార్చి చేయుచుండవలెను. మరియొకరు 108కి ఫోను చేయవలెను. కంటికి కనబడని వస్తువునకై గొంతులో వ్రేలుపెట్టి వెదకినచో అది ఇంకను లోనికి పోవును.

ఇంటి ప్రమాదములలో నీటి ప్రమాదము మిక్కిలి నిశ్శబ్దమైనది. చెరువనిన, బావియనిన ప్రతివారికిని భయమే. స్నానపుగదిలో సగమునకు నింపిన బకెట్టును చూచి భయపడువారు అరుదు. పెద్దవారి శరీరపు నిడివిలో తల ఇంచుమించు ఎనిమిదవ వంతు. అప్పుడే పుట్టిన శిశువునకు అది నాల్గవ వంతు. నడక నేర్చు వయస్సు నాటికిని బిడ్డకు పైభాగమే బరువు. నీటిలో తన నీడను చూచుకొనుటకో, తేలుచున్న చెంబును అందుకొనుటకో వంగిన బిడ్డ తలక్రిందుగ పడినచో, తిరిగి లేచు బలము ఆ చేతులకుండదు. నీటి బరువుచే బకెట్టు ప్రక్కకు ఒరుగదు. కేకవేయవలసిన నోరు నీటిలోనుండును. కొలది నిమిషములలో అంతయు ముగియును. ప్రక్కగదిలోని వారికి చప్పుడైనను వినబడదు.

కుళాయి నీరు దినము విడిచి దినము వచ్చు పట్టణములలో నీరు నిలువచేయవలదని చెప్పుట వ్యర్థము. నీరుండవచ్చును, మూత యుండవలెను. స్నానపుగది తలుపునకు బిడ్డకు అందనంత ఎత్తున బయటివైపు గడియ బిగించుటకు వడ్రంగికి అరగంట చాలును. పని ముగిసిన బకెట్టును బోర్లించవలెను. పెరటిలోని సిమెంటు తొట్టికి చెక్కమూతయో, ఇనుపవలయో కావలెను. సంపు మూతపై రాయి పెట్టుట చాలదు. నీళ్ల ట్యాంకరు వచ్చిన దినమున ఆ రాయి తొలగించి మరల పెట్టుట మరచువారు కలరు. దానికి తాళమే తగినది.

ఈ విషయమున బంగ్లాదేశమునుండి నేర్చుకొనదగిన దొకటి కలదు. ఆ దేశపు పల్లెలలో ఇంటికి చేరువనే చెరువులు, గుంటలు ఉండును. తల్లులు ఇంటిపనిలో మునిగియుండు ఉదయపు వేళలలోనే పసిపిల్లలు అధికముగ నీటబడి మరణించుచున్నట్లు అచటి పరిశోధకులు కనుగొనిరి. అందుచే ఉదయము 9 గంటలు మొదలు మధ్యాహ్నము 1 గంట వరకు చిన్నపిల్లలను ఒకచోట చేర్చి కాపాడు కేంద్రములను గ్రామములలో నెలకొల్పిరి. వానికి "ఆంచల్" అని పేరు, అనగా చీరచెంగు. ఆ కేంద్రములకు పోవు పిల్లలలో నీటి మరణములు తగ్గినవి. మన దేశమున 1975లో ఆరంభమైన అంగన్‌వాడీ కేంద్రములలో ఆటపాటల చదువు మూడేండ్లు నిండినవారికే. అంతకు చిన్నవారు, అనగా నీటి గండము అధికముగనున్న వయస్సువారు, ఇంటనే యుందురు. వంట వండు తల్లి, వండుచునే బిడ్డను కనిపెట్టుచుండవలెననుట న్యాయము కాదు. ఆ వేళకు మరియొక పెద్ద మనిషి బిడ్డ బాధ్యత వహించవలెను. ఎవరును లేనిచో బిడ్డ ఉండు గదికి మోకాలెత్తు అడ్డుపలక నమర్చి, తల్లికి కనబడుచోట నుంచవలెను. ఎనిమిదేండ్ల అక్కకు తమ్ముని అప్పగించుట అడ్డుపలక పాటి రక్షణయైనను కాదు. ఆమెయు పసిపిల్లయే.

నీటినుండి తీసిన బిడ్డను కాళ్లుపట్టి తలక్రిందుగ త్రిప్పుట, కడుపు నొక్కుట మున్నగునవి కాలహరణమునకే పనికివచ్చును. ఊపిరి ఆడనిచో వెంటనే నోటితో ఊపిరి ఊదుట ఆరంభించవలెను.

వంటయింటి సంగతి. ఎత్తైన గట్టుపై పొయ్యి యుండుటచే భయము లేదని తలచెదరు. కాని గంజి వార్చు గిన్నె నేలపైననే యుండును. పొంగుచున్న సాంబారు గిన్నెను వడ్డనకై పంక్తి ప్రక్కన దించుదురు. పండుగనాడు బంధువులతో ఇల్లు నిండియుండగా, పిల్లలు తరుముకొనుచు పరుగెత్తుచుండగా, సలసల కాగిన పాత్ర దారిలోనుండును. వడ్డించు పాత్రలను గదికి ఒక మూలన, పీటపై, గోడకు చేర్చి యుంచినచో ఖర్చేమియు లేదు. బిడ్డ స్నానమునకు తొలుత చన్నీరు పోసి, పిదప వేడినీరు కలుపవలెను. పసివారి చర్మము పలుచనిది. 60 డిగ్రీల వేడిగల నీరు కొన్ని క్షణములలోనే లోతైన పుండు కలిగించును. గీజరును 50 డిగ్రీలకు మించకుండ అమర్చవలెను. హీటరు కడ్డీ వేసిన బకెట్టునందు వేడియు విద్యుత్తును రెండును పొంచియుండుటచే, పిల్లలున్న ఇంటిలో దానిని మానుటయే మేలు.

కాలినచో చల్లని కుళాయి నీటిధార క్రింద 20 నిమిషములు ఉంచవలెను. మంచుగడ్డ, సిరా, పండ్ల పేస్టు, నెయ్యి, పసుపు పనికిరావు. తదుపరి శుభ్రమైన పలుచని గుడ్డకప్పి వైద్యునికి చూపవలెను.

మందుల విషయమున నొక దేశాంతర వృత్తాంతము చెప్పుకొనదగినది. కెనడాలోని విండ్సర్ నగరమున హెన్రీ బ్రో అను పిల్లల వైద్యుడు, మాత్రలు మ్రింగి వచ్చు పసివారిని చూచి చూచి విసిగి, 1967లో నొక్కి త్రిప్పిన గాని తెరువబడని సీసామూతను ప్రచారములోనికి తెచ్చెను. అమెరికాలో 1970లో పెక్కు మందులకు అట్టి మూతలు ఉండవలెనని శాసనము చేసిరి. మన ఇండ్లలో మాత్రలు తరచు రేకులలో వచ్చును. అవి అమ్మమ్మ దిండు క్రింద నుండును. రక్తపోటు మాత్రయైనను, చక్కెరవ్యాధి మాత్రయైనను పసిబిడ్డకు ఒకటి రెండు కూడ అపాయకరము. గర్భవతులకు ప్రభుత్వము ఉచితముగ నిచ్చు ఇనుము మాత్రలు ఎఱ్ఱనివి, చక్కెర పూత గలవి. బిడ్డ కంటికి అవి మిఠాయియే. కడుపుతో నున్న తల్లి ఇంటిలో నడక నేర్చిన బిడ్డయు ఉండుట సర్వసాధారణము. ఇనుము మాత్రలు ఎక్కువగ మ్రింగినచో కడుపులో రక్తస్రావము కలిగి ప్రాణము మీదికి రావచ్చును. అవి తాళముగల పెట్టెలో నుండవలెను.

ఫినాయిలు, ఆసిడు, కిరసనాయిలు, పురుగుమందు, వీనిని పానీయపు సీసాలలో పోసియుంచుట ఇంటిలో ఉచ్చు పన్నుటయే. త్రాగిన బిడ్డచే వాంతి చేయించరాదు, ఉప్పునీరు పట్టరాదు. కిరసనాయిలు వాంతితో పాటు ఊపిరితిత్తులలోనికి పోయి హాని చేయును. ఆసిడు గొంతును రెండవసారి కాల్చును. త్రాగిన సీసాను వెంట తీసికొని ఆసుపత్రికి పోవలెను.

రెండేండ్లు దాటిన బిడ్డ ఎక్కుట నేర్చును. ఎత్తున పెట్టినదంతయు భద్రమను నమ్మకము అంతటితో సరి. కిటికీ ప్రక్కనున్న మంచము, పిట్టగోడ ప్రక్కనున్న పూలకుండీ మెట్లగును. టీవీని, బీరువాను గోడకు బిగించవలెను. వసారా కమ్ముల నడుమ సందు 10 సెంటీమీటర్లకు మించరాదు. పసిపాపకు కట్టిన చీర ఉయ్యాల, పాప పెద్దదైన తరువాత కూడ వ్రేలాడుచుండును. పెద్దపిల్లలు దానిలో గిరగిర తిరుగుచు ఆడుకొనునపుడు మెడకు చుట్టుకొని ఊపిరాగిన ఉదంతములు వైద్యులకు తెలియును. పని తీరిన ఉయ్యాలను విప్పివేయవలెను. విద్యుత్తునకై ఇంటి మెయిన్‌బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరును ఎలక్ట్రీషియనుచే పెట్టించినచో ప్రతి సాకెట్టునకు కావలి కాయు బాధ తగ్గును.

బడికి పోవు వయస్సున తాళముల కాలము తగ్గి, నేర్పు కాలము వచ్చును. అగ్గిపెట్టెను దాచుటకంటె పెద్దల యెదుట దీపము వెలిగించుట నేర్పవలెను. గ్యాసు వాసన వచ్చినచో స్విచ్చి వేయక బయటికి రావలెనని చెప్పవలెను. ఆరేండ్లు దాటినవారికి ఈత నేర్పుట ప్రాణరక్షణ. సంక్రాంతి గాలిపటములను డాబాపైగాక మైదానమున ఎగురవేయుమనవలెను. ఆకాశమునే చూచు కన్నులు పిట్టగోడను చూడవు.

ఇంతలో రెండవ బిడ్డ ప్రాక నారంభించును. సడలించిన గడియలు మరల బిగించవలసి వచ్చును. ఈసారి నేలపై గోలీలు, రబ్బరు ముక్కలు, బ్యాటరీ బొమ్మలు పెద్దబిడ్డవే యుండును. ఆ బిడ్డకు మూతగల పెట్టె నొకటి ఇచ్చి, ఆట ముగిసిన పిమ్మట సామగ్రి అందులో పెట్టి మూతవేయు పనిని అప్పగించినచో, ఆరేండ్ల బిడ్డ దానిని గర్వముగ చేయును. పెట్టెను పైనెక్కించు పని మాత్రము పెద్దలది.