చార్టు కుడివైపు మూసి చదవండి

మనవాళ్ళు నలుగురు పాట్‌లక్‌లో కలిస్తే మాటలు గ్రీన్ కార్డు దగ్గర మొదలై, ఇళ్ళ ధరల మీదుగా వచ్చి స్టాకుల దగ్గర ఆగుతాయి. అందులో ఒకరిద్దరు డే ట్రేడింగ్ చేస్తుంటారు, ఇంకో ఇద్దరు చేద్దామా అని చూస్తుంటారు. నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ రెండో జట్టు కోసం. చేయమనీ చెప్పను, మానమనీ చెప్పను. డబ్బు పెట్టేముందు చార్టు చదవడం ఎలా సాధన చేయాలో మాత్రం చెబుతాను.

ముందు రెండు లెక్కలు. బ్రెజిల్‌లో ఇండెక్స్ ఫ్యూచర్స్‌లో 300 రోజులకు పైగా డే ట్రేడింగ్ చేసినవాళ్ళను పరిశోధకులు లెక్కగడితే 97 శాతం మంది నష్టపోయారు. మన దేశంలో సెబీ 2024లో చెప్పింది: 2022-23లో షేర్లలో ఇంట్రాడే చేసిన ప్రతి పదిమందిలో ఏడుగురికి నష్టమే. అందుకే మా ఇంట్లో ఒక ఏర్పాటు ఉంది. ఇంటి డౌన్‌పేమెంటుకీ, ఊళ్ళో అమ్మానాన్నల వైద్యానికీ దాచిన డబ్బు ఈ ఖాతా వైపు రాదు.

ఇక చార్టు సంగతి. ఒక్కో క్యాండిల్ నాలుగు ధరలు చెబుతుంది: మొదలైంది, ఎక్కింది, దిగింది, ముగిసింది. ఇది నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. కష్టం అక్కడ లేదు. పాత చార్టు మొత్తం తెరిచి చూస్తే అందరం పండితులమే. "ఇదిగో ఇక్కడ కొని అక్కడ అమ్మాలి" అనిపిస్తుంది. మ్యాచ్ హైలైట్స్ చూస్తూ ఈ బంతి సిక్సర్ అని ముందే చెప్పినట్టన్నమాట. జరగబోయేది కంటికి కనబడుతున్నంతసేపు అది సాధన కాదు.

అందుకని కుడివైపు మూసేయాలి. ట్రేడింగ్‌వ్యూ లాంటి చోట్ల బార్ రిప్లే అనే సదుపాయం ఉంది, పాత రోజును ఒక్కో క్యాండిల్‌గా నడిపిస్తుంది. రోజును మీరు ఎంచుకోకండి, చీటీ తీసి ఎంచండి. తర్వాతి క్యాండిల్ నొక్కేముందు పుస్తకంలో నాలుగు మాటలు రాయండి: ఎందుకు కొంటున్నాను, ఏ ధరకు, ఎక్కడికి పడితే తప్పని ఒప్పుకుని బయటపడతాను, ఎక్కడ అమ్ముతాను. రాశాక దిద్దకూడదు.

ఉదాహరణకు 100 డాలర్లకు కొన్నారు. స్టాప్ 99.50, లక్ష్యం 101. పోతే 50 సెంట్లు, వస్తే డాలరు. ఈ 50 సెంట్లను ఒక పాలు అనుకుందాం. వంద ట్రేడ్లలో 40 మాత్రమే గెలిచినా 80 పాళ్ళు వచ్చి 60 పోతాయి, 20 మిగులుతాయి. బాగానే ఉంది కదా! కానీ కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ కలిపి ఐదు సెంట్లు ధర జారితే పది పాళ్ళు అక్కడే పోయాయి, లాభం సగమైంది. 2019 అక్టోబరులో పెద్ద బ్రోకర్లు కమీషన్ తీసేశారు గానీ కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా అలాగే ఉంది. అందుకే సాధనలోనూ ఆ ఐదు సెంట్లు తీసేసే లెక్క రాయాలి.

ఇరవై ట్రేడ్లకే సంబరపడకండి. నాణెం 20 సార్లు ఎగరేస్తే 12 గానీ అంతకు మించి గానీ బొమ్మ పడే అవకాశం నాలుగో వంతు ఉంది. కనీసం వంద కావాలి.

ఇండికేటర్ల గురించి ఒక్క మాట. ఆర్‌ఎస్‌ఐని వెల్స్ వైల్డర్ 1978లో తన పుస్తకంలో పరిచయం చేశాడు, ఆయన చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. ఆర్‌ఎస్‌ఐ, స్టొకాస్టిక్, ఎమ్‌ఏసీడీ మూడూ ఆ ధరల్లోంచే పుట్టినవి. మూడూ ఒకే మాట చెబితే ముగ్గురు సాక్షులు దొరికినట్టు కాదు, ఒకే సాక్షిని మూడుసార్లు పిలిచినట్టు. 14కి బదులు 11 పెడితే బాగుంది, 9 పెడితే ఇంకా బాగుంది అని తిప్పుతూ పోవడం మన వృత్తివాళ్ళకు తెలిసిన జబ్బే. ట్రైనింగ్ డేటా మీదే టెస్టు చేయడం. కొన్ని నెలల చార్టులు అసలు తెరవకుండా పక్కన పెట్టుకోండి.

నా పుస్తకంలో మొదటి వంద ట్రేడ్లకు 14 పాళ్ళ లాభం తేలింది. మార్కెట్ తెరిచిన మొదటి అరగంటలో చేసినవి తీసేస్తే ఇంకా ఎక్కువే. అరగంట ఆగాలన్న ఈ నియమాన్ని పక్కన పెట్టిన నెలల మీద ఇంకో వంద ట్రేడ్లకు నడిపితే మిగిలింది ఐదే. నేను నమ్మేది ఆ ఐదునే. పసిఫిక్ టైములో ఉన్నవాళ్ళకు మార్కెట్ ఆరున్నరకే తెరుస్తుంది కాబట్టి ఏడు నుంచి ఎనిమిది దాకా చూసి ఆఫీసుకు పోవచ్చు. ఈస్ట్ కోస్టులో అదే గంట స్టాండప్ మీటింగులో పోతుంది.

అసలు డబ్బుకు వచ్చేసరికి, 2001లో వచ్చిన నిబంధన ప్రకారం మార్జిన్ ఖాతాలో ఐదు పనిదినాల్లో నాలుగు డే ట్రేడ్లు చేసేవారికి 25,000 డాలర్లు ఉండాలన్నారు. దీన్ని మార్చాలని 2025లో ఫిన్రా బోర్డు నిర్ణయించింది, కాబట్టి ఈరోజు ఏది అమల్లో ఉందో మీ బ్రోకర్‌నే అడగండి. క్యాష్ ఖాతాలో అయితే 2024 మే 28 నుంచి అమ్మిన డబ్బు మర్నాటి పనిదినానికి సెటిల్ అవుతోంది.

పన్ను సంగతి చాలామంది ఏప్రిల్‌లో గానీ చూడరు. ఈ లాభాలకు జీతం మీద పడే రేటే పడుతుంది. నష్టాలు లాభాలను మించితే ఏడాదికి 3,000 డాలర్ల వరకే జీతంలోంచి తగ్గించుకోవచ్చు, మిగతాది తర్వాతి ఏళ్ళకు పోతుంది. నష్టానికి అమ్మిన షేరును అటూ ఇటూ 30 రోజుల్లో మళ్ళీ కొంటే, మీ ఆవిడో ఆయనో తమ ఖాతాలో కొన్నా సరే, ఆ నష్టాన్ని అప్పటికి చూపించనివ్వరు. మామూలు ఖాతాలో కొంటే అది కొత్త షేరు కొన్న ధరలో కలుస్తుంది. మీ ఐఆర్‌ఏలో కొంటే మాత్రం పూర్తిగా పోయినట్టే.